వజ్రంలోని ఒక ఖాళీని గుర్తించడం ఎలా: కళాశాల ప్రయోగశాలకు ఒక పద్ధతి

నెల్లూరు, ఒంగోలు కళాశాలల్లో భౌతికశాస్త్రం ఎం.ఎస్సీ. చదివే విద్యార్థుల్లో చాలామంది క్వాంటం సాంకేతికత అనగానే అతిశీతల యంత్రాలనే తలుచుకుంటారు. అయితే గది ఉష్ణోగ్రతలోనే, మామూలు బల్ల మీదనే క్వాంటం స్పిన్‌ను, అంటే ఎలక్ట్రాన్‌కు సహజంగా ఉండే చిన్న అయస్కాంతం వంటి గుణాన్ని, కళ్ళకు కట్టే పదార్థం ఒకటి ఉంది. అది వజ్రం, ఇంకా సరిగా చెప్పాలంటే వజ్రంలోని ఒక బిందు దోషం. దాన్ని వెలుగులోకి తేవడం అంత కష్టం కాదు. కనిపించినది నిజంగా అదేనని రుజువు చేసుకోవడమే కష్టం. అందుచేత ఈ వ్యాసంలో రుజువుకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

బిందు దోషమంటే ఏమిటో ఇస్కపల్లి ఉప్పు మడుల్లో తేలే కల్లుప్పుతో చెప్పవచ్చు. ఉప్పు స్ఫటికం మీద ఎక్స్ కిరణాలు పడినప్పుడు ఒక క్లోరిన్ అయాను ఉండవలసిన చోటు ఖాళీ అయి, ఆ ఖాళీలో ఒక ఎలక్ట్రాన్ చిక్కుకుంటే, తెల్లని ఉప్పు పసుపు రంగుకు తిరుగుతుంది. వజ్రంలోనూ ఇటువంటిదే జరుగుతుంది: ఒక కర్బన పరమాణువు స్థానంలో నత్రజని చేరి, దాని పక్క స్థానం ఖాళీగా మిగిలి, అక్కడికి అదనంగా ఒక ఎలక్ట్రాన్ వచ్చి చేరితే, దాన్ని ఎన్‌వి (నైట్రోజన్-వేకెన్సీ, అంటే నత్రజని-ఖాళీ) కేంద్రం అంటారు. వజ్రపు శక్తి అంతరం (స్ఫటికంలో ఎలక్ట్రాన్లు ఉండగల శక్తి పట్టీల నడుమ ఉండే ఖాళీ) సుమారు 5.5 ఎలక్ట్రాన్ ఓల్టులు, సిలికాన్‌ది 1.1 మాత్రమే, ఇంత వెడల్పైన అంతరం నడుమ ఉండడం వల్ల ఈ దోషపు శక్తి స్థాయిలు స్ఫటికపు పట్టీలతో కలిసిపోకుండా, ఒంటరి పరమాణువు స్థాయిల వలె నిలుస్తాయి.

నమూనా విషయంలో తొందరపడకూడదు. నగల దుకాణంలో దొరికే సహజ వజ్రాల్లో నత్రజని పరమాణువులు ఎక్కువగా జతలుగా, గుంపులుగా చేరి ఉంటాయి గనుక అవి ఈ పనికి సాధారణంగా ఉపయోగపడవు. ప్రయోగశాలలో పెంచిన వజ్రాన్ని ఎలక్ట్రాన్ పుంజంతో కొట్టి ఖాళీలు కల్పించి, 800 డిగ్రీల సెల్సియస్‌కు పైగా శూన్యంలో కాచినప్పుడు ఆ ఖాళీలు కదిలి నత్రజని పక్కకు చేరతాయి. ఈ పని కళాశాలలో తలపెట్టవద్దు. ఎన్‌వి కేంద్రాలు ముందే ఉన్న సూక్ష్మవజ్రాల పొడి గానీ, చిన్న పలక గానీ కొనుక్కోవాలి.

అమరికకు అదురు లేని పీఠం కావాలి. చీమకుర్తి గ్రానైట్ పలక ముక్క ఒకటి సంపాదిస్తే చాలు. ఆ నల్లరాతిలో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే, ఇనుము గల ఖనిజానివి; కాబట్టి నమూనాను రాతికి ఆనించకుండా అంగుళాల ఎత్తున చెక్క దిమ్మె మీద పెట్టడం మేలు. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్, 650 నానోమీటర్లకు పైబడిన కాంతిని మాత్రమే వదిలే ఫిల్టర్, సిలికాన్ ఫోటోడయోడ్, 2.97 గిగాహెర్ట్జ్ దాకా అందుకునే మైక్రోవేవ్ జనకం, యాంప్లిఫయర్ సమకూర్చుకోవాలి. మోటార్లు చుట్టే అంగడిలో అడిగితే ఎనామిల్ రాగి తీగ ఇస్తారు. దాన్ని మిల్లీమీటరు వెడల్పు ఉంగరంగా వంచి, యాంప్లిఫయర్‌కు కలిపి, వజ్రాన్ని దాని నడుమ ఉంచాలి. 532 నానోమీటర్లకు తగిన కళ్ళద్దాలు లేకుండా లేజర్‌ను ఎవరూ వెలిగించకూడదు. ఈ నియమాన్ని ఒక్కసారి కూడా సడలించవద్దు.

మొదటి గుర్తు ఎరుపు వెలుగు. ఎన్‌వి కేంద్రపు ప్రధాన గీత 637 నానోమీటర్ల వద్ద ఉండి, దాని కాంతి 800 దాకా పరుచుకుంటుంది. అయితే ఎరుపు కనిపించినంత మాత్రాన సంతోషించకూడదు. క్రోమియం దోషం వల్ల కెంపు కూడా ఆకుపచ్చ కాంతికి 694 నానోమీటర్ల వద్ద ఎర్రగా వెలుగుతుంది. కొన్ని జిగుర్లు, ప్లాస్టిక్‌లు సైతం వెలుగుతాయి. అందుకే జిగురు ఒక్కదాన్నే అద్దం మీద పూసి, అదే చోట పెట్టి, ముందుగా కొలిచి రాసుకోవాలి.

రెండవ గుర్తు అనునాదం, అంటే ఒకానొక మైక్రోవేవ్ పౌనఃపున్యానికే స్పిన్ స్పందించడం. ఈ కేంద్రంలో స్పిన్ సున్నా స్థితి ఎక్కువ వెలుగునిస్తుంది. ప్లస్ 1, మైనస్ 1 స్థితులు కాంతిలేని దారిన దిగి, సున్నా స్థితికి చేరుతుంటాయి. అంటే లేజరే స్పిన్‌ను సున్నాకు తెస్తుంది, లేజరే దాన్ని చదువుతుంది. మైక్రోవేవ్‌ను 2.77 నుంచి 2.97 గిగాహెర్ట్జ్ దాకా మెల్లగా మారుస్తూ పోతే, 2.87 వద్ద స్పిన్ పక్క స్థితులకు మారి, ఎరుపు కాంతి కొద్దిగా తగ్గుతుంది. మేము మొదటిసారి ఈ తగ్గుదల చూసి, రెండు రోజులు కొలతలు రాసుకున్నాము. మూడవ రోజున లేజర్‌కు నల్ల కాగితం అడ్డుపెట్టినా తగ్గుదల చెక్కుచెదరలేదు. ఫోటోడయోడ్ కేబుల్ మైక్రోవేవ్‌ను నేరుగా పట్టుకుంటున్నదని అప్పుడు తెలిసింది. కేబుల్‌కు రేకు చుట్టి ఎర్త్ చేశాక ఆ దొంగ సంకేతం పోయి, అంతకంటే చిన్నదైన అసలు తగ్గుదల బయటపడింది. నల్ల కాగితం పరీక్ష చేయనిదే ఏ గ్రాఫునూ నమ్మవద్దు.

మూడవ గుర్తు అయస్కాంతం, నా దృష్టిలో అన్నిటికంటే గట్టిది. అయస్కాంతాన్ని దగ్గరికి తెచ్చేకొద్దీ తగ్గుదల రెండుగా చీలాలి. క్షేత్రం కేంద్రపు అక్షం (నత్రజనిని, ఖాళీని కలిపే గీత) వెంట ఉంటే ప్రతి మిల్లీటెస్లాకు వాటి మధ్య దూరం 56 మెగాహెర్ట్జ్. ఒకే స్ఫటికమైన పలకలో అక్షాలు నాలుగు దిశల్లో ఉంటాయి గనుక ఎనిమిది తగ్గుదలలు కనిపించవచ్చు. పొడిలో దిశలన్నీ కలిసిపోయి, గీత వెడల్పవుతుంది. అయస్కాంతం లేకుండానే కొద్ది మెగాహెర్ట్జ్ చీలిక ఉంటే అది స్ఫటికంలోని బిగువు వల్ల వచ్చినది కావచ్చు, దాన్ని భూమి క్షేత్రమని లెక్కకట్టకూడదు.

మన ప్రాంతంలో మరొక జాగ్రత్త అవసరం. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఈ అనునాదం సుమారు 74 కిలోహెర్ట్జ్ కిందికి జరుగుతుంది. మే నెలలో ఏసీ ఉన్న గది 28 డిగ్రీల నుంచి, కరెంటు పోయిన తరువాత 40కి చేరితే, జరుగుదల దాదాపు 0.9 మెగాహెర్ట్జ్. కాబట్టి వజ్రం పక్కనే థర్మామీటరు పెట్టి, ప్రతి గ్రాఫు పక్కన ఉష్ణోగ్రత రాయాలి. ఇదే గుణంతో ఈ కేంద్రాన్ని ఉష్ణమాపకంగానూ వాడుతున్నారు.

ఇది పట్టుబడ్డాక సిలికాన్ కార్బైడ్‌కు వెళ్ళవచ్చు. అందులోని జంట ఖాళీల కాంతి 1,100 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అక్కడ సిలికాన్ ఫోటోడయోడ్ చూపు మందగిస్తుంది గనుక ఇండియం గాలియం ఆర్సెనైడ్ గ్రాహకం కావాలి. కేంద్ర ప్రభుత్వపు జాతీయ క్వాంటం మిషన్‌లో సెన్సింగ్ (క్వాంటం పద్ధతుల్లో కొలిచే) కేంద్రం ఐఐటీ బొంబాయిలో ఉంది. పై చదువుకు దరఖాస్తు చేసుకునే విద్యార్థి ఈ మూడు గుర్తుల గ్రాఫులతో పాటు నల్ల కాగితం గ్రాఫును కూడా జతచేయాలి.