గరాటు పటం, 4వ భాగం: ఖాళీ ఏ మూల ఉందో చూడటం

ముందు భాగాల్లో అధ్యయనాలను పోగుచేసుకున్నాం. ఇక ఒక్కో అధ్యయనాన్ని ఒక్కో చుక్కగా చూపే గరాటు పటం గీసి, ప్రచురణ పక్షపాతం (చెప్పుకోదగ్గ ఫలితం రాని అధ్యయనాలు అచ్చుకాకుండా ఉండిపోవడం) జాడలు వెతకాలి.

ఒక చుక్కను చేత్తో లెక్కకడదాం. మందు వాడిన 50 మందిలో 10 మరణాలు, వాడని 50 మందిలో 20. ఆడ్స్ రేషియో, అంటే చనిపోయినవారికీ బతికినవారికీ ఉన్న నిష్పత్తిని రెండు జట్ల మధ్య పోల్చే అంకె, (10×30)/(40×20) = 0.375. దీన్ని నేరుగా గీస్తే 0.5, 2 లాంటి ఎదురుబొదురు ఫలితాలు ఒకటికి చెరోవైపు సమాన దూరంలో పడవు. అందుకే సహజ లాగరిథమ్ తీస్తాం: −0.98. నాలుగు గళ్ల (రెండు జట్లలో చనిపోయినవారు, బతికినవారు) విలోమాలు కూడండి: 1/10+1/40+1/20+1/30 = 0.208. దాని వర్గమూలం 0.456, అదే స్టాండర్డ్ ఎర్రర్, ఫలితంలో ఎంత అనిశ్చితి ఉందో చెప్పే కొలత; అధ్యయనం పెద్దదయ్యేకొద్దీ ఇది తగ్గుతుంది. ఏ గడిలోనైనా సున్నా ఉంటే నాలుగింటికీ 0.5 చొప్పున కలపండి.

అడ్డంగా ఫలితం, నిలువుగా స్టాండర్డ్ ఎర్రర్. స్ప్రెడ్‌షీట్ మామూలుగా సున్నాను అడుగున పెడుతుంది. నిలువు అక్షాన్ని తిప్పండి, పెద్ద అధ్యయనాలు పైన ఉండాలి. మొత్తం సగటు దగ్గర నిలువు గీత, దానికి ఇరువైపులా 1.96 × స్టాండర్డ్ ఎర్రర్ దూరంలో ఏటవాలు గీతలు గీస్తే బోర్లించిన గరాటు వస్తుంది.

చాలామంది ఇక్కడితో ఆగి, చుక్కలు ఒకవైపు ఒరిగి, అడుగున రెండోవైపు ఖాళీ ఉంది కాబట్టి పక్షపాతమే అని తేల్చేస్తారు. తొందరపడకండి. ఇంకో జత ఏటవాలు గీతలు కావాలి, ఈసారి సగటు చుట్టూ కాదు, సున్నా (మందుతో తేడా ఏమీ లేదు) చుట్టూ. మన చుక్క ఎత్తులో ఆ హద్దు ±0.89. చుక్క −0.98 దగ్గర ఉంది కాబట్టి అంచు దాటి, గణాంకపరంగా చెప్పుకోదగ్గ ఫలితమైంది. అదే పరిమాణంలో −0.4 వచ్చిన అధ్యయనం సొరుగులో ఉండిపోయి ఉండొచ్చు. ఖాళీ ఈ లోపలి ప్రాంతంలోనే ఉంటే ప్రచురణ పక్షపాతం అనుమానం బలపడుతుంది. హద్దు బయట ఉంటే కారణం వేరే వెతకాలి: చిన్న అధ్యయనాల్లో జబ్బు ముదిరిన రోగులు ఎక్కువా? కేటాయింపు గోప్యత (తర్వాతి రోగి ఏ జట్టులోకి వెళ్తారో ముందే తెలియకుండా ఉంచడం) సరిగ్గా పాటించలేదా? లేక వట్టి యాదృచ్ఛికమా?

1997లో వచ్చిన ఎగ్గర్ పరీక్ష ఈ ఒరుగుడును అంకెల్లో కొలుస్తుంది. ఫలితాన్ని స్టాండర్డ్ ఎర్రర్‌తో భాగించి, 1/స్టాండర్డ్ ఎర్రర్ మీద రిగ్రెషన్ చేస్తారు, అంటే ఆ చుక్కలకు బాగా సరిపోయే గీత గీస్తారు. ఇంటర్‌సెప్ట్ (ఆ గీత నిలువు అక్షాన్ని తాకే చోటు) సున్నాకు దూరంగా ఉంటే అసమానత ఉన్నట్టు. ఆడ్స్ రేషియోలతో మాత్రం జాగ్రత్త: ఆ ఫలితానికీ దాని స్టాండర్డ్ ఎర్రర్‌కూ పుట్టుకతోనే ముడి ఉంటుంది, పక్షపాతం లేకున్నా పరీక్ష గంట కొట్టొచ్చు. అక్కడ హార్‌బోర్డ్ లేదా పీటర్స్ పరీక్ష మేలు. పదికన్నా తక్కువ అధ్యయనాలుంటే ఏ పరీక్షా వద్దు. వాటికి పట్టుకునే శక్తి చాలదు.

చిన్న అధ్యయనాలను నమ్మితే ఏమవుతుందో గుండెపోటుకు మెగ్నీషియం ఇచ్చిన ఉదంతంలో చూడొచ్చు. చిన్న ప్రయోగాలు కలిపితే మరణాలు తగ్గినట్టు కనిపించింది. 1995లో 58,050 మందితో వెలువడిన ఐసిస్-4 అనే భారీ ప్రయోగంలో ఆ లాభం కనిపించలేదు.

అభ్యాసం: మందు వాడిన 40 మందిలో 4 మరణాలు, వాడని 40 మందిలో 8. మీకు −0.81, 0.66 రావాలి. ఆ చుక్క సున్నా చుట్టూ గీసిన హద్దుకు లోపలా, బయటా?