పెరట్లోకొచ్చే మానుపిల్లి రాత్రి ఫొటోలో ఎందుకు పడటం లేదు?

పర్లాకిమిడిలో మాది పెంకుటిల్లు. పెరట్లో బొప్పాయి, సపోటా, గోడ అవతల ఒక జీలుగు చెట్టు ఉన్నాయి. జీలుగు పళ్లు పండే రోజుల్లో తెల్లారేసరికి గోడ మీద గింజలతో నిండిన మలం కనిపిస్తుంది. అది మానుపిల్లి వచ్చిపోయిన గుర్తు. మా వీధిలో దీన్నే పునుగు పిల్లి అంటారు గానీ, అది వేరు. పునుగు పిల్లి తోకకు కట్లు కట్లుగా చారలుంటాయి, ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. గోడలు, కొమ్మలు, అటకలు ఎక్కేది మానుపిల్లి. కదలిక తగలగానే తనంతట తానే ఫొటో తీసే ట్రయల్ కెమెరాతో నాకు ఎదురైన ఇబ్బందులు, వాటికి దొరికిన దారులు ఇవి.

గోడ మీద గింజలున్నాయి, కార్డులో ఒక్క ఫొటో లేదు

ఎక్కువమందికి వచ్చే సమస్య ఇదే, దీనికి కారణాలు రెండు. మొదటిది చోటు. సపోటా చెట్టుకే వస్తుందనుకుని రెండు వారాలు కెమెరా అటే తిప్పి ఉంచాను. చివరికి జల్లించిన బూడిదను గోడ మీద, నూతి గట్టు మీద పలచగా చల్లాను. పొద్దున టార్చి ఏటవాలుగా వేసి చూస్తే గట్టు మీద అడుగులు పడి ఉన్నాయి, ఒక్కో అడుగులో ఐదు వేళ్లు. మామూలు పిల్లి అడుగులో నాలుగే పడతాయి. అది గోడ మీంచి నూతి గట్టుకు దిగి, అక్కడి నుంచి బొప్పాయికి పోతోంది, సపోటా వైపు రావడమే లేదు. అందుకే ముందు దారి పట్టుకోండి, కెమెరా తర్వాత.

రెండోది వేడి. ఈ కెమెరాలోని సెన్సర్ జంతువు ఒంటి వేడికీ వెనకున్న వాటి వేడికీ ఉన్న తేడాను పసిగడుతుంది. మే నెలలో పగలంతా కాగిన గోడ రాత్రి కూడా వేడిగానే ఉంటుంది కాబట్టి ఆ తేడా తగ్గిపోతుంది. సెన్సిటివిటీ పెంచండి. జంతువు కెమెరాకు ఎదురుగా నడిచొచ్చేలా కాకుండా, ముందు నుంచి అడ్డంగా దాటేలా పెట్టండి. ఈ ఒక్క మార్పుతోనే నాకు ఫొటోలు పడటం మొదలైంది.

ఫొటో అంతా తెల్లగా, వెనక చీకటి

దగ్గర్లో అరటాకో సాలెగూడో ఉండి, చీకట్లో కెమెరా వేసే ఇన్‌ఫ్రారెడ్ (మన కంటికి దాదాపు కనిపించని) వెలుగును తిప్పికొడుతోంది. ఆకును పక్కకు కట్టేసి, లెన్స్ చుట్టూ రోజూ తుడవండి.

కళ్లు రెండూ బల్బుల్లా మండుతున్నాయి

రాత్రి తిరిగే జంతువుల కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది. ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటే ఆ వెలుగు నేరుగా కెమెరాలోకే తిరిగొస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్ వాడేవాళ్లు ఫ్లాష్‌ను విడిగా పక్కన, కాస్త ఎత్తులో పెట్టండి.

బొమ్మ అలుక్కుపోయింది

చీకట్లో ఆటోఫోకస్ తడబడుతుంది. పగలే అది నడిచే చోట ఒక ఇటుక పెట్టి, దాని మీద ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చేయండి. ఫ్లాష్ ఉంటే కదలిక దానంతటదే ఆగిపోతుంది, లేకపోతే మీ చేతిలో ఉన్నది అదృష్టమే.

లెన్స్ మీద మంచు

ఏసీ గదిలోంచి తిన్నగా బయటికి తెస్తే మన దగ్గరి ఉక్కకు లెన్స్ వెంటనే చెమర్చుతుంది. బ్యాగులోనే ఉంచి అరగంట వరండాలో పెట్టి, తర్వాత తీయండి.

ఒకసారి వచ్చింది, మళ్లీ రాలేదు

ఇది నన్ను నిజంగా బాధపెట్టింది. మొదట్లో తెల్ల ఫ్లాష్ వాడాను, మొదటి ఫొటోకే పారిపోయి వారం రోజులు రాలేదు. ఇప్పుడు ఇన్‌ఫ్రారెడ్ వాడుతున్నాను. అందులోనూ 850 నానోమీటర్ల రకం మన కంటికే సన్నగా ఎర్రగా కనిపిస్తుంది. 940 రకం కనిపించదు గానీ అంత దూరం వెలుగు పోదు. గట్టుకు మూడు మీటర్లలో పెట్టుకుంటే అది చాలు.

రప్పించడానికి అరటిపళ్లు, పాలు పెట్టొద్దు. మనుషులకు అలవాటుపడితే అటకలో చప్పుడు చేస్తోందని వలేసే పక్కింటివాళ్ల చేతికి మనమే అప్పగించినట్టు. పట్టడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని వాళ్లకు నెమ్మదిగా చెప్పండి. కుక్క ఉంటే రాత్రిపూట కట్టేయండి. మాదాన్ని కట్టేసిన నాలుగో రాత్రి నూతి గట్టు మీద మళ్లీ ఐదు వేళ్ల అడుగులు పడ్డాయి.