జపాన్‌లో నాలుగైదు ఊళ్లు తిరిగే ప్రణాళిక ఎక్కడ చెడుతుంది: లక్షణం, కారణం, సవరణ

ప్యాకేజీ టూర్ తీసుకోకుండా టోక్యో, క్యోటో, ఒసాకా, హిరోషిమాలను సొంతంగా చుట్టిరావాలనుకునేవారు తమ ప్రణాళికను ఒకసారి చూసిపెట్టమని అడుగుతూ ఉంటారు. వాటిలో కనిపించే లోపాలు దాదాపు ప్రతిసారీ అవే. వీసా, విదేశాల్లో చెల్లే కార్డు, ఫోన్‌లో డేటా వంటివి మీరు ముందే చూసుకున్నారనుకుంటాను. కాగితం మీద చక్కగా కుదిరిన ప్రణాళిక అక్కడికి వెళ్లాక ఎందుకు నిలబడదు, ఏ లక్షణం కనబడితే లోపాన్ని ఎక్కడ వెతకాలి అన్నదే ఇక్కడి విషయం.

మిగతావన్నీ తర్వాత, ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. ఎంత చెప్పినా చాలామంది దాన్ని దాటేసి హోటళ్ల వేటలో పడతారు. మీ ప్రణాళికను రోజుల లెక్కన కాకుండా రాత్రుల లెక్కన రాయండి. ఒక్కో వరుసలో తేదీ, వారం, ఆ రాత్రి పడుకునే ఊరు, అంతే. చూడవలసిన ప్రదేశాలేవీ అందులోకి రానివ్వకండి. "టోక్యో మూడు రోజులు, క్యోటో మూడు రోజులు, ఒసాకా రెండు రోజులు" అని రాసుకున్నవారు ఊరు మారే రోజును తెలియకుండానే అటు టోక్యో ఖాతాలోనూ, ఇటు క్యోటో ఖాతాలోనూ వేసుకుంటారు. ఒక ఊళ్లో నాలుగు రాత్రులుంటే పూర్తిగా మీ చేతిలో ఉండేవి మూడు పగళ్లు మాత్రమే. ఈ పట్టిక లేకుండా అడిగే ఏ ప్రశ్నకూ సరైన జవాబు దొరకదు కాబట్టి దయచేసి దీన్ని వదిలేయకండి.

లక్షణం: ఊరు మారిన రోజున ఏమీ చూడలేకపోవడం

రైలు సమయాన్నే ప్రయాణ సమయంగా లెక్కించడం ఇక్కడి కారణం. టోక్యో నుంచి క్యోటోకు నొజోమి రైలు (ఆ మార్గంలోని షింకన్‌సెన్, అంటే బుల్లెట్ రైళ్లలో అన్నిటికంటే వేగమైనది) సుమారు 2 గంటల 15 నిమిషాల్లో చేరుస్తుంది కాబట్టి పొద్దున బయల్దేరి మధ్యాహ్నం నుంచి క్యోటో చూడవచ్చనిపిస్తుంది. కానీ అక్కడి హోటళ్లలో చాలావరకు 10 లేదా 11 గంటలకే గది ఖాళీ చేయాలి, కొత్త గది ఇచ్చేది సాధారణంగా 3 గంటలకు. పెట్టెలతో స్టేషన్‌కు చేరడం, సరైన ప్లాట్‌ఫారం వెతుక్కోవడం, అక్కడ దిగి మళ్లీ బస్సో మెట్రోనో ఎక్కడం కలుపుకుంటే ఆ రోజు మిగిలేది రెండు మూడు గంటలు. కింకాకుజీ 5 గంటలకు మూసేస్తారు. ఊరికి అవతలి కొసనున్న ఆ గుడికి ఆ వేళప్పుడు పరుగెత్తడంలో అర్థం లేదు. రాత్రింబవళ్లు తెరిచే ఉండే ఫుషిమి ఇనారి మందిరం వంటి చోటును ఆ సాయంత్రానికి పెట్టుకోండి. క్యోటో స్టేషన్ నుంచి లోకల్ రైల్లో రెండో స్టేషనే అది.

పెద్ద పెట్టెల విషయం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెతో టోకైదో మార్గంలో (టోక్యో, క్యోటో, ఒసాకాలను కలిపేది) షింకన్‌సెన్ ఎక్కాలంటే, వెనుక సామాను స్థలం ఉన్న సీటును ముందుగా రిజర్వు చేసుకోవాలి; చేసుకోకపోతే 1,000 యెన్లు కట్టించుకుంటారు. హోటల్ కౌంటర్‌లో ఇస్తే పెట్టెను తర్వాతి ఊరి హోటల్‌కు చేర్చే కొరియర్ సేవ జపాన్ అంతటా ఉంది. టోక్యో నుంచి క్యోటోకు మామూలుగా మర్నాటికి అందుతుంది, కాబట్టి ఆ ఒక్క రాత్రికి కావలసిన బట్టలు చేతి సంచిలో ఉంచుకుంటే చాలు.

లక్షణం: మొదటి సగం హాయిగా సాగి, చివరి రెండు రోజులు పరుగులతోనే గడిచిపోవడం

అన్నిటిలోకీ ఎక్కువమందిని ముంచేది ఇదే. చివరి ఊరిని అరకొరగా చూసి వదిలేయడం, మళ్లీ టోక్యోలో ఒక్క రాత్రికి గది తీసుకోవడం, ఆ రాత్రి అలసటతో పడుకోవడం తప్ప ఇంకేమీ చేయకపోవడం దీని గుర్తులు. ఊళ్లు ఎక్కువయ్యాయి కాబట్టే ఇలా అయిందని అందరూ అనుకుంటారు. అలా అనుకుని నారానో హిరోషిమానో మధ్యలోంచి తీసేస్తారు. తీసేసినా చివరి రెండు రోజులు కుదుటపడవు. నొప్పి ఒకచోట, రోగం మరోచోట ఉంది. లోపం ఊళ్ల సంఖ్యలో లేదు. హోటళ్ల గురించి ఆలోచించకముందే కొనేసిన విమాన టికెట్‌లో ఉంది. టోక్యోలో దిగి, మళ్లీ టోక్యో నుంచే బయల్దేరే రానుపోను టికెట్ కొన్నప్పుడే ఆ ప్రయాణంలోంచి దాదాపు ఒక రోజు పోయింది. ఆ నష్టం కొన్ననాడు కనిపించదు, ప్రయాణం ఆఖరున బయటపడుతుంది; అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం.

లెక్క వేసి చూడండి. తిరుగు విమానం టోక్యో విమానాశ్రయాల్లో ఒకటైన నరిటా నుంచి ఉదయం 11 గంటలకు, ముందు రాత్రి బస క్యోటోలో అనుకుందాం. షింకన్‌సెన్ రైళ్లు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 వరకు నడవవు. 6 దాటగానే క్యోటోలో ఎక్కినా టోక్యో చేరేసరికి 8:30 అవుతుంది. షింకన్‌సెన్ దిగేది స్టేషన్‌కు తూర్పున యాఎసు వైపు. నరిటా ఎక్స్‌ప్రెస్ ఎక్కేది పడమర మరునోఉచి వైపు, భూమికి అయిదు అంతస్తుల కింద. పెట్టెలు లాక్కుంటూ ఎస్కలేటర్ మీద ఎస్కలేటర్ దిగి అక్కడికి చేరేసరికి ఒక రైలు వెళ్లిపోయి ఉంటే తర్వాతిదాని కోసం ఆగాలి. ఆపైన విమానాశ్రయానికి దాదాపు గంట ప్రయాణం. పది దాటాక కౌంటర్ దగ్గర నిలబడి ఏం లాభం? అందుకని ఎవరైనా ముందు రోజే టోక్యో వచ్చేస్తారు. అంటే క్యోటోలో చివరి పగలు సగానికి తెగింది, మనిషికి సుమారు 14,000 యెన్ల రైలు ఛార్జీ పడింది, అక్కరలేని హోటల్ రాత్రి ఒకటి చేరింది.

ఇంత జరుగుతున్నా రానుపోను టికెట్టే కొనడానికి కారణం మనం ధరలు పోల్చే పద్ధతి. టికెట్లు వెతికే చోట మొదట కనబడేది రానుపోనే. వేరే ఊరి నుంచి తిరిగొచ్చే టికెట్ కాస్త ఎక్కువ చూపిస్తే అక్కడితో ఆ ఆలోచన మానేస్తారు. పోల్చవలసింది ఒక టికెట్‌ను మరో టికెట్‌తో కాదు. రానుపోను టికెట్ ధరకు తిరుగు రైలు ఛార్జీని, ఆ అదనపు రాత్రి ఖర్చును కలిపి, ఆ మొత్తాన్ని రెండో టికెట్ పక్కన పెట్టి చూడాలి. అప్పుడు చాలాసార్లు తేడా ఉండదు, ఉన్నా పోయే రోజు విలువ ముందు అది చిన్నదే.

ఇంకా టికెట్ కొననివారికి సవరణ సులువు. వెతికేటప్పుడు మల్టీ సిటీ ఎంచుకుని, వెళ్లడం టోక్యోకు (హనేదా లేదా నరిటా విమానాశ్రయం), రావడం ఒసాకా దగ్గరి కాన్సాయ్ విమానాశ్రయం నుంచి పెట్టండి. రెండు విడి టికెట్లుగా కాకుండా ఒకే బుకింగ్‌గా తీసుకోండి. విడిగా తీసుకుంటే ధర తరచుగా పెరుగుతుంది, ఒకదాని తేదీ మారితే రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. క్యోటో నుంచి కాన్సాయ్ విమానాశ్రయానికి హారుకా ఎక్స్‌ప్రెస్‌లో గంటా ఇరవై నిమిషాలు, ఒసాకాలోని నంబా నుంచి ఇంకా తక్కువ. హిరోషిమా కూడా ఉంటే టోక్యో, క్యోటో, హిరోషిమా, చివరికి ఒసాకా అన్న వరుస చక్కగా కుదురుతుంది.

టోక్యో రానుపోను టికెట్ ఇప్పటికే కొనేసినవారు దాన్ని రద్దు చేసుకోవలసిన పని లేదు, ఊళ్ల వరుసను తిరగేయాలి. దిగిన రోజే క్యోటో వెళ్లిపోండి. అక్కడి నుంచి చూసుకుంటూ తూర్పుకు వచ్చి, టోక్యో రాత్రులన్నీ ఒకే హోటల్‌లో ఆఖరున పెట్టుకోండి. దిగిన రోజే మళ్లీ రైలా అని అందరూ వెనకాడతారు. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చినవారికి ఆ రోజు ఎలాగూ ఊరు చూసే ఓపిక ఉండదు. పనికిరాని రోజును రైలుకు ఇచ్చి, పనికొచ్చే రోజును మిగుల్చుకోవడం ఇందులోని కిటుకు. హనేదాలో దిగితే ఇది మరీ సులువు, ఎందుకంటే కేక్యూ రైల్లో ఇరవై నిమిషాల్లోపే వచ్చే టోక్యోలోని షినగావా స్టేషన్‌లో నొజోమి ఆగుతుంది. విమానం ఆలస్యం కావచ్చు కాబట్టి ఆ రోజు రైలు టికెట్‌ను ముందే గంటకు కట్టిపడేయకండి. మామూలు రోజుల్లో నొజోమి గంటకు చాలాసార్లు ఉంటుంది, స్టేషన్‌లోనే కొనవచ్చు. సాయంత్రం దిగేవారు షినగావా దగ్గర ఆ రాత్రి పడుకుని, టోక్యో చూడాలన్న ఆశ పెట్టుకోకుండా పొద్దున్నే వెళ్లిపోవాలి.

లక్షణం: రోజూ రైల్లోనే ఉన్నట్టు అనిపించడం

రెండు చోట్ల వెతకండి. మొదటిది జేఆర్ పాస్, అంటే జపాన్ అంతటా జేఆర్ రైళ్లలో నిర్ణీత రోజులు తిరగడానికి పర్యాటకులకిచ్చే పాస్. ఏడు రోజుల పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెరిగింది. టోక్యో, క్యోటోల మధ్య రానుపోను ఛార్జీ సుమారు 28,000 యెన్లే. అయినా పాస్ ముందే కొనేసి, దాని డబ్బు రాబట్టడానికి అవసరం లేని దూరాలను ప్రణాళికలోకి తెచ్చుకుంటున్నవారు ఇప్పటికీ ఉన్నారు. పైగా ఆ పాస్‌తో నొజోమి ఎక్కాలంటే మళ్లీ అదనంగా కట్టాలి. ముందు ఊళ్లు ఖాయం చేసుకుని, విడి టికెట్ల మొత్తం కూడి, అది పాస్ ధర దాటితేనే పాస్ మాట ఎత్తండి.

రెండోది హోటళ్లు మార్చడం. క్యోటో నుంచి ఒసాకా అరగంట, నారా ముప్పావు గంట. ఒసాకా నుంచి హిమేజీ గంట. వీటికోసం మూడు చోట్ల గదులు తీసుకోవడం అనవసరం. క్యోటోలోనో ఒసాకాలోనో ఒకచోట ఉండి పొద్దున వెళ్లి సాయంత్రం రండి.

లక్షణం: తలుపులు మూసి ఉండడం, టికెట్లు దొరకకపోవడం

మొదట చెప్పిన పట్టికలో తేదీ పక్కన వారం రాయమన్నది ఇందుకే. టోక్యో నేషనల్ మ్యూజియం సహా చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు. ఆ సోమవారం పండుగ సెలవైతే ఆ రోజు తెరిచి మర్నాడు మూసేస్తారు. యానిమేషన్ సినిమాల గిబ్లీ మ్యూజియానికి వెళ్లాలంటే ముందస్తు టికెట్ తప్పనిసరి, అవి అంతకు ముందు నెల 10వ తేదీన జపాన్ సమయం ఉదయం 10 గంటలకు అమ్మకానికి వస్తాయి. మీ ప్రయాణంలో ఇలాంటివి ఏమైనా ఉంటే వాటి తేదీలను ముందు పట్టుకుని, హోటళ్లను వాటి చుట్టూ అమర్చండి. ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా ఉండే గోల్డెన్ వీక్‌లో, ఆగస్టు మధ్యలో, సంవత్సరాంతంలో నొజోమి రైళ్లలో రిజర్వేషన్ లేని సీట్లే ఉండవు. ఆ రోజుల్లో మాత్రం స్టేషన్‌లో కొనుక్కుందాంలే అనుకోకండి.

మిగిలినవి అరుదు. ఒసాకాకు వచ్చే షింకన్‌సెన్ ఒసాకా స్టేషన్‌లో కాక షిన్-ఒసాకాలో ఆగుతుందని తెలియక గాభరాపడేవారు కొందరుంటారు. అక్కడి నుంచి ఒసాకా ఒక్క స్టేషనే. వచ్చేది నరిటాకు, వెళ్లేది హనేదా నుంచి అని టికెట్ మీద ఉన్నా చూసుకోనివారు ఇంకా తక్కువ. భూకంపానికి షింకన్‌సెన్‌లు ఆగడం, తుఫానుకు రైళ్లు ముందే రద్దు కావడం మీ ప్రణాళికలోని లోపాలు కావు; ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వెళ్లేవారు తిరుగు విమానానికి ముందు రాత్రి ఆ విమానాశ్రయానికి దగ్గరి ఊళ్లో ఉండేలా చూసుకుంటే చాలు.