తక్‌పట్టీ ఫైళ్ల పేర్లను ఈమ్యాక్స్‌లోనే సరిచేసుకున్న విధానం

గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా కమీషన్ కొట్టులో నేను భద్రపరిచిన 312 తక్‌పట్టీ (సరుకు అమ్మకంపై రైతుకు ఇచ్చే లెక్క చీటీ) ఫైళ్ల పేర్లలో 2024కు బదులు 2023 అని పడింది. ఒక్కొక్కటిగా మారుస్తూ రెండు సాయంత్రాలు కూర్చున్నా 50 కూడా పూర్తికాలేదు.

చివరకు, రోజూ నోట్సు రాసుకునే ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటరులో, ఫోల్డరులోని ఫైళ్ల జాబితా చూపే డైర్డ్ అనే సదుపాయం అక్కరకు వచ్చింది. కంట్రోల్-ఎక్స్, డి నొక్కి ఫోల్డరు తెరిచి, ఆపై కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-క్యూ నొక్కితే, ఫైళ్ల పేర్లను మామూలు రాతలాగే దిద్దుకోవచ్చు. కర్సరును జాబితా మొదట ఉంచి, ఆల్ట్‌తో శాతం గుర్తు నొక్కి, ‘తక్‌పట్టీ-2023’ స్థానంలో ‘తక్‌పట్టీ-2024’ ఇచ్చి, ఆశ్చర్యార్థకం కొట్టగానే మిగిలిన పేర్లన్నీ తెరపై మారాయి. అయితే కంట్రోల్-సి రెండుసార్లు నొక్కేదాకా డిస్కులో ఏదీ మారదు కనుక, పైనుంచి కిందిదాకా నిదానంగా సరిచూసుకున్నాను. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఈ వెసులుబాటే. పొరపాటు కనిపిస్తే కంట్రోల్-సి, కంట్రోల్-కె నొక్కి మార్పులన్నీ రద్దు చేయవచ్చు.