1968–72 షెవెల్‌లో 350 దింపి 454 ఎక్కించడం: ఇంజిన్ కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

షెవర్లే వారి అమెరికన్ కారు 1968–72 షెవెల్ ఫ్రేమ్‌లో 454 బిగ్ బ్లాక్ (454 క్యూబిక్ అంగుళాల పెద్ద వీ8 ఇంజిన్) కూర్చోవడానికి కోతలు, వెల్డింగులు అక్కర్లేదు. 1970లో షెవర్లేనే ఆ కారులో ఆ ఇంజిన్ పెట్టి అమ్మింది; ఎల్ఎస్6 రకానికి 450 హార్స్‌పవర్ అని ప్రకటించింది. అందుకే ముందు ఇంజిన్ కొనేసి మిగతాది తర్వాత చూసుకుందామనుకునేవాళ్లు ఎక్కువ. డబ్బు మధ్యలో అయిపోయి కారు షెడ్డులో ఆగిపోయేది కూడా ఇలాగే. 454 లాగుడు చివరికి వెనక చక్రాల దగ్గర తేలుతుంది కాబట్టి లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టి ముందుకి రండి. ఇంజిన్ చివరి కొనుగోలు.

ఒక జాగ్రత్త: ఇప్పుడున్న ఇంజిన్ కారుతో పుట్టిందేనేమో చూడండి. బ్లాక్ ముందువైపు, కుడి హెడ్ కింద చదునుగా ఉన్న చోట నంబర్లు కొట్టి ఉంటాయి. అవి కారు నంబరుతో కలిస్తే ఆ ఇంజిన్‌ని అమ్మొద్దు. నూనె పట్టించి, స్టాండు మీద కప్పి ఉంచండి.

వెనక నుంచి ముందుకి

స్మాల్ బ్లాక్‌తో (350 లాంటి చిన్న వీ8తో) వచ్చిన చాలా షెవెల్‌లలో 8.2 అంగుళాల టెన్ బోల్ట్ యాక్సిల్ ఉంటుంది. మెత్తటి టైర్లతో కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, పట్టున్న టైర్లు వేసి గట్టిగా తొక్కితే విరుగుతుంది. 8.875 అంగుళాల ట్వెల్వ్ బోల్ట్‌గానీ ఫోర్డ్ 9 అంగుళాలదిగానీ వెతకండి. యాక్సిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే కింది కంట్రోల్ ఆర్మ్‌లు తెరిచి ఉన్న రేకువైతే మెలి తిరుగుతాయి, నాలుగువైపులా మూసినవి వేయండి.

యాక్సిల్ గేర్ నిష్పత్తి ఎంచుకోవడానికి, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే సూత్రం ఇది: గంటకి మైళ్ల వేగం × నిష్పత్తి × 336 ÷ టైరు ఎత్తు అంగుళాల్లో. 27 అంగుళాల టైరు, 3.73 గేరుతో 65 మైళ్ల వేగంలో ఇంజిన్ సుమారు 3,000 చుట్లు తిరుగుతుంది. హైవే మీద ఎక్కువ తిరిగే కారుకి ఇది చెవులకు శిక్ష. 3.31 అయితే 2,680 దగ్గర ఉంటుంది. 4ఎల్80ఈ లాంటి ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్ పెట్టుకుంటే 3.73తోనే 2,260కి దిగుతుంది, కానీ దానికి కంప్యూటర్ ఖర్చు అదనం.

350కి ఉన్న గేర్‌బాక్సే 454కీ పడుతుంది, బోల్టుల అమరిక ఒకటే. అయినా టర్బో 400 అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మేలు. దాని వెనక యోక్‌కి (డ్రైవ్‌షాఫ్ట్‌ని గేర్‌బాక్సుకి కలిపే ముక్కకి) 32 స్ప్లైన్‌లు, అంటే గాడి పళ్లు; టర్బో 350 గేర్‌బాక్సుకి 27. కాబట్టి యోక్ మారుతుంది, గేర్‌బాక్సుని మోసే క్రాస్‌మెంబర్ వెనక్కి జరుగుతుంది, డ్రైవ్‌షాఫ్ట్ పొడవు కొలిచి కోయించాలి. కారు నాలుగు చక్రాల మీదా నిలబడ్డాక, యోక్‌ని పూర్తిగా లోపలికి తోసి ముప్పావు అంగుళం వెనక్కి లాగి కొలవండి. జాకీ మీద వేలాడుతున్నప్పుడు తీసిన కొలత పనికిరాదు.

ముందు బ్రేకులు 9.5 అంగుళాల డ్రమ్ములే అయితే డిస్కులు వేయకుండా ఇంజిన్ మాట ఎత్తొద్దు. ఇనప బిగ్ బ్లాక్ సుమారు 685 పౌండ్లు, స్మాల్ బ్లాక్ 575. ముక్కు మీద పెరిగే ఆ వంద పౌండ్లకు పైగా బరువుకి బిగ్ బ్లాక్ స్ప్రింగులు కావాలి. అల్యూమినియం హెడ్లు, మానిఫోల్డ్ వేస్తే ఆ తేడా దాదాపు పోతుంది.

ఏ 454, దానితో ఏవి

పాత ట్రక్కుల్లోంచి వచ్చే 454లు చవక. వాటిలో చాలావాటికి ‘పీనట్ పోర్ట్’ అనే, గాలి దారులు ఇరుకైన హెడ్లు ఉంటాయి. బరువు లాగడానికి బాగుంటాయి, పై చుట్లలో ఊపిరాడదు. రోడ్డు కారుకి పెద్ద ఓవల్ పోర్ట్ హెడ్లు సరిగ్గా సరిపోతాయి. రెక్టాంగులర్ పోర్ట్ అనగానే పరుగెత్తొద్దు, కింది చుట్లలో గాలి వేగం తగ్గి లాగుడు చస్తుంది. ఇనప హెడ్లతో బంకు పెట్రోలుకి కంప్రెషన్ నిష్పత్తి 9.5 దాటకపోతే మంచిది.

ఎక్కువమంది దెబ్బతినేది బ్యాలెన్స్ దగ్గర. ఆ కాలపు 350, 396, 402, 427 ఇంజిన్ల క్రాంక్ లోపలే తూకం అయి ఉంటుంది. 454కి అలా కాదు, క్రాంక్ ముందు కొసన ఉండే బ్యాలెన్సర్‌కీ, వెనక గేర్‌బాక్సు వైపు పళ్ల చక్రమైన ఫ్లెక్స్‌ప్లేట్‌కీ అదనపు బరువు ఉంటుంది. ఫ్లెక్స్‌ప్లేట్‌ని చేతిలో పట్టుకుని చూస్తే ఒక పక్క వెల్డ్ చేసిన ఇనప ముక్క కనిపిస్తుంది. పాత 350ది బోల్టు రంధ్రాలు కలిశాయి కదా అని బిగిస్తే ఇంజిన్ అంతా వణుకుతుంది, కొన్నాళ్లకు మెయిన్ బేరింగులు పోతాయి. 1991 నుంచి 454 క్రాంక్ వెనక ఆయిల్ సీల్ ఒకే ముక్క అయింది, దానికి వేరే ప్లేటు. ఇంజిన్ ఏ ఏడాదిదో తేలాకే ప్లేటు కొనండి. 168 పళ్ల ప్లేటుకి స్టార్టర్ బోల్టులు వంకరగా, ఒకటి ముందుకి ఒకటి వెనక్కి ఉన్న రకం కావాలి.

కార్బురేటర్‌కి క్యూబిక్ అంగుళాలు × గరిష్ఠ చుట్లు ÷ 3,456. 454కి 6,000 చుట్ల దగ్గర నిమిషానికి 788 ఘనపుటడుగుల గాలి (సీఎఫ్ఎం) వస్తుంది. ఇంజిన్ నూటికి నూరు నిండదు కాబట్టి 750 సీఎఫ్ఎం చాలు. పెట్రోలు పైపు 5/16 అంగుళాలదైతే తీసేసి 3/8 వేయండి. పెద్ద క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) వేస్తే ఐడిల్‌లో వాక్యూమ్ పడిపోయి పవర్ బ్రేకు పెడల్ రాయిలా అవుతుంది. గేజ్‌లో 18 అంగుళాల దగ్గర రాకపోతే వాక్యూమ్ పంపుగానీ, పవర్ స్టీరింగ్ పంపు ఒత్తిడితో బ్రేకుకి సాయపడే హైడ్రోబూస్ట్‌గానీ పెట్టాల్సిందే.

ఖాళీ బ్లాక్‌తో ముందు ఒకసారి

ఖాళీ బ్లాక్, హెడ్లు, హెడర్లు (ఎగ్జాస్ట్ పైపులు), గేర్‌బాక్స్ డొల్ల కలిపి బిగ్ బ్లాక్ ఫ్రేమ్ స్టాండ్ల మీద కూర్చోబెట్టి చూడండి. హెడర్లు స్టీరింగ్ బాక్సుకి తగులుతున్నాయా, ఏసీ ఉన్న కారులో కుడి వాల్వ్ కవర్‌కి ఏసీ పెట్టె అడ్డొస్తోందా, హెచ్ఈఐ (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) డిస్ట్రిబ్యూటర్ మూత ఫైర్‌వాల్‌కి ఆనుతోందా, ఎయిర్ క్లీనర్ మీద బానెట్ మూసుకుంటోందా చూసుకోండి. వాటర్ పంపు పొడుగుదైతే పుల్లీలు, బ్రాకెట్లు అన్నీ పొడుగు పంపువే ఉండాలి. కలగలిపితే బెల్టు పక్కకి పాకి ఊడిపోతుంది. రేడియేటర్ ఎంత పెద్దదైనా ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) లేకపోతే ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. ఫ్యాన్ రెక్కలు ష్రౌడ్‌లో సగం లోపల, సగం బయట ఉండాలి.

అసలు ఇంజిన్ ఎక్కించే రోజు డిస్ట్రిబ్యూటర్ తీసి పక్కన పెట్టండి, లేకపోతే ఫైర్‌వాల్‌కి కొట్టుకుని పగులుతుంది. హాయిస్ట్ రెండు టన్నులదే అయినా చెయ్యి పూర్తిగా చాపితే మోసేది చాలా తక్కువ. ఆ బరువు చేతి మీదే రాసి ఉంటుంది, చదవండి. గేర్‌బాక్సుతో కలిపి ఎనిమిది వందల పౌండ్లు దాటుతుంది.

బ్లాక్ నుంచి ఫ్రేమ్‌కి, హెడ్ నుంచి ఫైర్‌వాల్‌కి ఎర్త్ పట్టీలు మర్చిపోవద్దు. అవి లేకపోతే స్టార్టర్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుని దాన్ని కాల్చేస్తుంది.

మొదటి స్టార్ట్

డిస్ట్రిబ్యూటర్ రంధ్రంలో ప్రైమింగ్ కడ్డీ పెట్టి డ్రిల్లుతో గడియారం ముల్లు దిశలో తిప్పండి. మధ్యమధ్యలో క్రాంక్‌ని కొంచెం కొంచెం తిప్పుతూ, 16 రాకర్ల దగ్గరా ఆయిల్ కనిపించేదాకా ఆపొద్దు. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (రోలర్లు లేని రకం) అయితే జింక్ ఎక్కువున్న బ్రేక్-ఇన్ ఆయిల్ పోసి, స్టార్ట్ అయిన క్షణం నుంచి 2,000–2,500 చుట్ల మధ్య 20 నుంచి 30 నిమిషాలు నడపాలి. క్యామ్‌కి ఆయిల్ అందేది ఎక్కువగా క్రాంక్ విసిరే తుంపరల వల్లే. ఐడిల్‌లో అది చాలక క్యామ్ లోబులు (వాల్వులని తోసే ఉబ్బులు) అరిగి, ఆ ఇనప పొడి బేరింగుల్లోకి పోతుంది. స్టార్ట్ కాకుండా గుంజుతూ కూర్చున్నా అదే నష్టం, కాబట్టి టైమింగ్, కార్బురేటర్‌లో పెట్రోలు ముందే సరిచూసుకోండి. ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2.

చల్లారాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఫిల్టర్‌ని కోసి మడతలు విప్పి చూడండి. అయస్కాంతానికి అతుక్కునే మెరుపు ఎక్కువగా కనిపిస్తే బండి రోడ్డెక్కించకుండా క్యామ్ బయటికి తీయండి. హెడర్ బోల్టులు మాత్రం మొదటి వారంలో రెండు మూడుసార్లు బిగించాల్సి వస్తుంది.