బ్యాకప్ డిస్క్ మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

ఎక్స్‌టర్నల్ డిస్క్ కనపడటం మానేయగానే చాలామంది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లి కొత్తది కొనేస్తారు. చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు. కేబుల్‌దో, పోర్టుదో, ఫార్మాట్‌దో అయి ఉంటుంది. అసలు తప్పెక్కడో తేలితే, కొనాల్సి వచ్చినప్పుడు ఏది కొనాలో కూడా తేలిపోతుంది.

లైటు వెలుగుతోంది, కంప్యూటర్‌లో కనపడదు

ముందు కేబుల్ మార్చండి. పోర్టబుల్ హార్డ్ డిస్కులకు వచ్చే వెడల్పాటి మైక్రో-బి కనెక్టర్ తీసి పెట్టగా పెట్టగా వదులవుతుంది. లైటు వెలగడానికి కాస్త కరెంటు చాలు, లోపలి పళ్లెం తిరగడానికి అది చాలదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900. అందుకే హబ్ తీసేయండి. డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ ముందువైపు పోర్టులు వదిలేసి, వెనక మదర్‌బోర్డు పోర్టుకే నేరుగా పెట్టండి. 3.5 అంగుళాల పెద్ద డిస్కుకు మామూలుగా 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. దాని విషయంలో మొదటి అనుమానం అడాప్టర్ మీదే.

అయినా రాకపోతే విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డిస్క్ ఉండి అక్షరం లేకపోతే రైట్ క్లిక్ చేసి డ్రైవ్ లెటర్ ఇస్తే సరి. "రా" (RAW, అంటే ఫార్మాట్ గుర్తించలేకపోతున్నానని) అని చూపిస్తూ ఫార్మాట్ చేయమంటే క్యాన్సిల్ నొక్కండి. ఫైల్ సిస్టమ్ పాడైనంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు. ఫైళ్లను వెలికితీసే టెస్ట్‌డిస్క్ లేదా ఫొటోరెక్ సాఫ్ట్‌వేర్‌తో వాటిని వేరే డిస్కులోకి తీసుకున్నాకే ఫార్మాట్ చేయాలి. "ఇనిషియలైజ్" అని అడిగినా ఒప్పుకోవద్దు, ఆ డిస్కులో మీ డేటా ఉంటే.

టిక్ టిక్‌మని చప్పుడు చేస్తోంది

వెంటనే పీకేయండి. కరెంటు సరిపోకపోయినా ఈ చప్పుడు వస్తుంది కాబట్టి ఒకే ఒక్కసారి వేరే కేబుల్, వేరే పోర్టుతో చూడండి. మళ్లీ అదే చప్పుడైతే డేటా చదివే, రాసే హెడ్ పోతున్నట్టే. అప్పుడు విండోస్‌లో డిస్కును తనిఖీ చేసే చెక్‌డిస్క్ నడపడం డిస్కును గంటల తరబడి పరిగెత్తించడమే, మిగిలింది కూడా పోతుంది. ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా జోలికి పోవద్దు, తేమ చేరుతుంది. ఫైళ్లకు మరో కాపీ లేకపోతే డేటా రికవరీ వాళ్లకు ఇవ్వడమే. దుమ్ము పడని క్లీన్ రూమ్ ఉందో లేదో అడిగాకే ఇవ్వండి.

ఈ దశకు రాకముందే పసిగట్టవచ్చు. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో 05, సీ5, సీ6 వరుసల రా (RAW) విలువ సున్నా దాటి పెరుగుతుంటే ఆ డిస్కును బ్యాకప్‌కు నమ్మకండి. సీ7 ఒక్కటే పెరుగుతుంటే అది డిస్క్ తప్పు కాకపోవచ్చు, కనెక్షన్ చూడండి.

కాపీ నత్తనడకన సాగుతోంది

వేగం సెకనుకు 35 ఎంబీ దగ్గర ఆగిపోతే డిస్క్ యూఎస్‌బీ 2.0 మీద నడుస్తోంది. పోర్టో కేబులో పాతది. ఆ వేగంతో 500 జీబీకి దాదాపు 4 గంటలు పడుతుంది. 110 ఎంబీ వేగమైతే గంటంబావులో అయిపోతుంది.

మొదట బాగానే నడిచి, కాసేపటికి 10–20 ఎంబీకి పడిపోతే కథ వేరు. ఇప్పటి పోర్టబుల్ హార్డ్ డిస్కులు చాలావరకు ఎస్‌ఎంఆర్ రకం. ట్రాకులు బెంగళూరు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవీ తిరగరాయాలి. కాసేపు ఆపితే లోపల సర్దుకుంటుంది. మారిన ఫైళ్లనే చేర్చే బ్యాకప్‌కు ఈ రకం చాలు. వీడియో ఎడిటింగ్ దాని మీదే చేస్తామంటే కుదరదు. తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీల్లో చవకైన క్యూఎల్‌సీ రకం కూడా, వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు (క్యాష్) నిండాక ఇలాగే చతికిలపడుతుంది.

పెళ్లి వీడియో ఎక్కడం లేదు, చోటు మాత్రం ఉంది

డిస్క్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది. అందులో ఒక ఫైల్ 4 జీబీకి మించకూడదు. విండోస్‌లోనే వాడితే ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టండి. మ్యాక్‌కూ విండోస్‌కూ మార్చి మార్చి పెట్టేవాళ్లకు ఎక్స్‌ఫాట్. దీనికి జర్నలింగ్ (మార్పులను ముందే నమోదు చేసుకునే పద్ధతి) లేదు, రాస్తుండగా కరెంటు పోతే దెబ్బతినే అవకాశం ఎక్కువ. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద గాలివాన రోజుల్లో ఎక్స్‌ఫాట్ బ్యాకప్ పెట్టుకోకపోవడమే మేలు.

1 టీబీ కొంటే 931 జీబీయే చూపించడం లోపం కాదు, కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో.

ఫైళ్ల పేర్లున్నాయి, తెరిస్తే ఏమీ లేదు

వెయ్యి, పదిహేను వందలకే 2 టీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నారా? అయితే లోపల చిన్న మెమరీ కార్డు ఉండి, 2 టీబీ అని అబద్ధం చెబుతూ ఉండవచ్చు. నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీదే పడతాయి. ఖాళీ డిస్క్ మీద విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్, లినక్స్‌లలో ఎఫ్3 అనే పరీక్ష సాఫ్ట్‌వేర్ నడపండి. డిస్క్ నిండా రాసి, తిరిగి చదివి అసలు సామర్థ్యం చెబుతాయి. నకిలీకి మరమ్మతు లేదు. కొన్న రోజే పరీక్షిస్తే వెనక్కి ఇవ్వడానికి వీలుంటుంది.

బ్యాకప్ ఉంది, అదీ పోయింది

బ్యాకప్ డిస్కును ఎప్పుడూ తగిలించే ఉంచితే, ఫైళ్లను లాక్ చేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ దాన్నీ లాక్ చేస్తుంది, పిడుగుపాటు కంప్యూటర్‌నూ డిస్కునూ కాలుస్తుంది. కాపీ అవగానే ఎజెక్ట్ చేసి తీసేయండి. రెండు డిస్కులు మార్చి మార్చి వాడుతూ, మీది కూకట్‌పల్లి అయితే ఒకటి ఎల్బీ నగర్‌లోని అక్క ఇంట్లో ఉంచండి. ఏడాదికి పైగా బీరువాలో పడి ఉండే కాపీకి హార్డ్ డిస్కే నయం. ఎస్‌ఎస్‌డీలో డేటా విద్యుత్ చార్జ్ రూపంలో ఉంటుంది, బాగా వాడిన ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా వేడిలో ఉంటే అది త్వరగా కారిపోతుంది. మే ఎండలో కారులో వదిలే అలవాటుంటే మానుకోండి. రోజూ బ్యాగులో తిరిగేదైతే ఎస్‌ఎస్‌డీ తీసుకోండి, కింద పడినా తట్టుకుంటుంది.

కొనేటప్పుడు మీ ఫైళ్లకు రెట్టింపు సైజు చూడండి. డబ్బివ్వకముందే పెట్టె మీది సీరియల్ నంబరును కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో చూసి, జీఎస్టీ బిల్లు తీసుకోండి. వారంటీ డిస్కుకే గానీ డేటాకు కాదు. పైగా చెడిన డిస్కును మార్పించుకుంటే మీ ఫొటోలతో సహా వాళ్లకు వెళ్తుంది. అందుకే విండోస్ ప్రో ఉంటే మొదటి రోజే డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ పెట్టి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి, డిస్క్ పెట్టెలో కాకుండా వేరే చోట దాచండి.