పని ఖరాబు చేసిన కాంట్రాక్టర్ దగ్గర పైసలు వాపస్ రావాలంటే
హన్మకొండ, కాజీపేట దిక్కు ఇల్లు రిపేర్లు చేయించేటోళ్లు ఇది యాదికి పెట్టుకోండ్రి. వాటర్‌ప్రూఫింగ్ చేసినంక కూడా స్లాబ్ ఉరుస్తాంది, టైల్స్ కొడితే డొల్ల సప్పుడొస్తాంది అంటే కోపంల వెంటనే ఇంకో మేస్త్రిని పిలిచి పగలగొట్టియ్యకుండ్రి, సాక్ష్యం మొత్తం పోతది. ముందుగాల ఫోటోలు, వీడియోలు తీసి, వేరే ఇంజనీర్‌తోని ఏం తప్పైంది, సరిచేయాలంటే ఎంతైతదో కాయితం మీద రాపిచ్చుకోండ్రి, అసలు బలం ఇదే. తర్వాత గడువు పెట్టి స్పీడ్ పోస్టుల నోటీస్ పంపుండ్రి. పలకకుంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు, అప్పటికీ కాకుంటే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌ల కేసు, మీరిచ్చిన పైసలు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు లేకున్నా నడుస్తది, కాంట్రాక్టర్ హైదరాబాదోడైనా మీరుండే జిల్లాలనే వెయ్యొచ్చు. కేసు వేసేందుకు 2 ఏండ్లు మాత్రం దాటనియ్యకుండ్రి. పైసలు నగదు ఇయ్యకుండా ఫోన్‌పేలనే కొట్టుండ్రి, రసీదు లేకున్నా గది పనికొస్తది.